ముప్పై ఏడు కిలోల లోపు

ఎనిమిదేళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. పెద్దదేమీ కాదు. ఐదారు మాటలు. చెప్పడానికి రెండు క్షణాలు పట్టి ఉంటుంది. ఆ తర్వాత నేను అన్నం తిన్నాను, బడికి వెళ్లాను, పిల్లల చేత వ్యాయామం చేయించాను, ఆదివారం చర్చిలో అందరితో కలిసి పాటలు పాడాను. అన్నీ ఆ మాటల పక్కనుంచే జరిగాయి. ఒక్కరోజు కూడా వాటిని దాటి పోలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీకు రాయడం కొంచెం తేలిక.

మాది టెక్కలి. నాన్న మా చర్చిలో పెద్ద. నేను పలాసలో ఒక ప్రైవేటు బడిలో వ్యాయామ టీచరుగా చేరి, పిల్లలకి తైక్వాండో నేర్పేదాన్ని. ఇది ఒక పిల్లకి నేను చేసిన పని గురించి. ఆమెని ఢిల్లేశ్వరి అంటాను. అసలు పేరు అది కాదు. మా జిల్లాలో ఏ వీధిలో నిలబడి పిలిచినా ఇద్దరు పలికే పేరు, అందుకే ఎంచుకున్నాను.

ముందు నేనెలాంటి టీచర్నో చెప్పాలి. అది చెప్పకపోతే తర్వాతదంతా ఏదో ఒక్కరోజు జరిగిన పొరపాటులా కనిపిస్తుంది. అలా కనిపించాలని నాకూ ఉంటుంది.

విశాఖలో చదువుకునే రోజుల్లో ఒక ముసలి మాస్టారి దగ్గర తైక్వాండో చేరాను. ఆయన ఆరు నెలల దాకా ఎవరినీ ఎదుటిమనిషి మీద కాలెత్తనిచ్చేవారు కాదు. నిలబడటం, ఊపిరి తీసుకోవడం, కింద పడటం. తల నేలకి తగలకుండా ఎలా పడాలో మళ్లీ మళ్లీ పడేయించి నేర్పేవారు. నాకు విసుగొచ్చింది. మానేశాను. ఇంకోచోట పదిరోజుల శిబిరం పెట్టి బెల్టులు ఇస్తున్నారంటే వెళ్లి, నల్ల బెల్టుతో తిరిగొచ్చాను. దాన్ని కట్టుకున్న మొదటి రోజు అద్దంలో చూసుకుని సిగ్గుపడ్డట్టు గుర్తు. రెండో రోజు ఏమనిపించిందో గుర్తులేదు.

బడి కరస్పాండెంట్ గారికి కావలసింది పతకాలు. ఆయన ఆ సంగతి దాచలేదు. "ఏం నేర్పుతారో మీ ఇష్టం మేడమ్. అడ్మిషన్ల టైముకి కాశీబుగ్గ సెంటర్లో మన ఫ్లెక్సీ మీద పతకాలేసుకున్న పిల్లలు కనపడాల" అన్నారు. నాకు వచ్చిన విద్యకి అది సరిపోయింది. పోటీలో ఎదుటివాళ్లు ఛాతీకి కట్టుకున్న కవచానికి కాలు తగిలితే పాయింట్లు. తలకి తగిలితే ఇంకొన్ని. ముందుకాలు గాలిలో ఎత్తి ఉంచి, ఒంటికాలి మీద గెంతుతూ ఎక్కడో ఒకచోట తగిలించాలి. నేను అదొక్కటే నేర్పాను. పడటం నేర్పలేదు. తప్పించుకోవడం నేర్పలేదు. ఎప్పుడు ఆగాలో నేర్పలేదు. తల్లిదండ్రులకిచ్చే కరపత్రం మీద మాత్రం 'ఆడపిల్లలకు ఆత్మరక్షణ' అని పెద్ద అక్షరాలతో వేయించాం.

ఆ కరపత్రం పట్టుకునే ఢిల్లేశ్వరి తల్లి వచ్చింది. ఎర్రమ్మ అంటాను ఆమెని. ఉద్దానంలో సముద్రం ఒడ్డున వాళ్ల ఊరు. భర్త గుజరాత్ వైపు బోట్ల మీదికి వేటకి వెళితే ఏడాదిలో ఎక్కువ భాగం అక్కడే. ఈమె చేపలు ఎండబెట్టి సంతల్లో అమ్మేది. ఇంట్లో మామగారికి కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు పలాస వచ్చి డయాలసిస్ చేయించుకునేవాడు.

"బస్సు దిగినకాడి నుంచి మా ఊరికి జీడితోటల్లోంచి నడిసి రావాల మేడమ్. పిల్ల ఒక్కర్తీ వొత్తాది. ఎవడైనా సెయ్యేత్తే ఇడిపించుకొని పరిగెట్టీలాగ నేర్పండి. అంతే సాలు" అంది ఎర్రమ్మ.

నేర్పుతానన్నాను. ఆ ఇంటికి నేను చెప్పిన మొదటి అబద్ధం అది. ఆ విద్య నాకే రాదు.

ఢిల్లేశ్వరికి అప్పుడు పన్నెండేళ్లు. తక్కువ మాట్లాడే పిల్ల. పొడుగు కాళ్లు. మొదటి వారంలోనే నాకు అర్థమైంది, ఈ కాలు దూరం నుంచే తలని అందుకుంటుందని. ఏడాది తిరిగేసరికి జిల్లా పోటీల్లో మొదటి స్థానం. ఆ ఏడాదిలో రెండుసార్లు నా దగ్గరికొచ్చి ఒకటే ప్రశ్న అడిగింది. "ఎవలైనా ఎనక నుంచి పట్టుకుంటే ఏటి సెయ్యాలి మేడమ్?" అది తర్వాత నేర్పుతాను, ముందు పోటీల మీట్ ఉంది అన్నాను. ముందు ఎప్పుడూ ఏదో ఒక మీట్ ఉండేది.

రాష్ట్ర పోటీలు విశాఖలో పెట్టారు. ఢిల్లేశ్వరి బరువు ముప్పై తొమ్మిదిన్నర. ఆ బరువుకి ఆడవలసిన విభాగంలో వేరే జిల్లా పిల్ల ఒకతె ఉంది, వరసగా గెలుస్తోంది. ముప్పై ఏడు కిలోల లోపు విభాగంలో అయితే ఢిల్లేశ్వరి కాళ్లంత పొడుగు ఎవరికీ లేదు. పేర్ల జాబితా చూశాను. ముప్పై ఏడులో పేరు రాశాను. పిల్లని అడగలేదు. తల్లిని అడగలేదు. అడగాలని తోచను కూడా లేదు. రెండున్నర కిలోలు దించాలి, మూడు వారాలుంది. నా మనసులో ఉన్నది ఆ లెక్క ఒక్కటే.

అన్నం ఆపించాను. ఎండలో రెయిన్‌కోటు తొడిగించి బడి మైదానం చుట్టూ పరిగెత్తించాను. జీడిపిక్కల ఫ్యాక్టరీల పొగ ఆ వైపే వీచేది, పిల్ల దగ్గుకుంటూ పరిగెత్తేది. పక్కనే తూకం మిషను పెట్టుకుని కూర్చునేదాన్ని నేను. ప్రయాణం ముందురోజు మధ్యాహ్నం నుంచి నీళ్లు ఆపేశాను.

తెలియక చేశానా? కిడ్నీ సంగతి తెలియని మనిషి మా వైపు ఉంటారా? కిడ్నీల రక్తపరీక్షలో చూసే క్రియాటినిన్ అనే మాట ఉద్దానంలో చదువురాని ముసలమ్మకి కూడా తెలుసు, జ్వరం దగ్గు అన్నట్టుగా అంటారు. ఆ పిల్ల ఇంట్లోనే ఒక మనిషి మిషను మీద బతుకుతున్నాడని తెలుసు. తెలిసీ, అది ఆ ముసలాయన సంగతి అనుకున్నాను. ఈమె ఆటగత్తె అనుకున్నాను. ఆ రెండు సంగతుల మధ్య ఒక గోడ కట్టుకున్నాను. అది ఎప్పుడు కట్టుకున్నానో, ఎంత తేలిగ్గా కట్టుకున్నానో ఇప్పుడు ఆలోచిస్తే భయం వేస్తుంది.

శుక్రవారం పొద్దున పలాసలో రైలెక్కాం. మేమిద్దరమే. పూండి దాటుతుండగా ఆమె కిటికీకి ముఖం ఆనించి తన ఊరి వైపు చూస్తోంది. నీళ్ల సీసాలమ్మే మనిషి పెట్టెలోకి వచ్చాడు. ఆమె తల తిప్పి సీసాలని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"మా తాత ఇలగే ఉంటాడు మేడమ్" అంది.

"ఎలాగ?"

"నీల్లు తాగకుండా. డాక్టరు కొలిసి తాగమన్నాడు కదా, రోజుకి సిన్న సీసాడు. అదయిపోతే తడిగుడ్డ పెదాలకి అద్దుకుంటాడు. తాతని సూసి నేనూ నేర్సుకున్నాను." గౌను జేబులోంచి తడిపిన రుమాలు తీసి చూపించింది. పొద్దున ఇంటి దగ్గరే తడుపుకుని తెచ్చుకుంది. నేను చూడకుండా నోట్లో పిండుకోవచ్చు. పిండుకోలేదు. పెదాలకి అద్దుకుని మడిచి మళ్లీ జేబులో పెట్టుకుంది.

"తాతకైతే జబ్బు. మరి నాకేటి మేడమ్?" అంది.

నేను నవ్వాను. "నీకు గోల్డ్" అన్నాను.

ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వుకి కింది పెదవి చిట్లి సన్నగా రక్తం వచ్చింది. మళ్లీ రుమాలు తీసింది.

శనివారం పొద్దున తూకం వేశారు. మూడు వందల గ్రాములు ఎక్కువ. ఇంకా గంటన్నర టైముంది, మళ్లీ రావచ్చన్నారు. మెట్లెక్కించి దింపించాను. ఉమ్ము ఊయించాను. నోట్లో ఉమ్మే లేదు. చివరి పది నిమిషాల్లో వెళితే ముల్లు ముప్పై ఏడు దగ్గర ఆగింది. పేరు పక్కన టిక్కు పెట్టారు.

ఇక్కడ ఆగాను. పైన రాసింది చదువుకున్నాను. ఎనిమిదేళ్లుగా నాకు నేను చెప్పుకున్నది సరిగ్గా ఇలాగే ఉంటుంది, మెట్ల దగ్గర నుంచి నేరుగా ముల్లు దగ్గరికి పోతుంది. మధ్యలో ఒకటుంది. అది రాయకపోతే ఈ కాగితాలన్నీ దండగ.

మా నాన్నకి గుండె జబ్బు. ఒంట్లో నీరు చేరకుండా, ఉన్న నీరు దిగిపోయేలా ఒక బిళ్ల ఇస్తారు ఆయనకి. బయలుదేరే ముందు టెక్కలి ఇంట్లో ఆయన మందుల డబ్బా తెరిచి ఒక బిళ్ల కాగితంలో చుట్టుకున్నాను. అవసరం పడదులే అనుకుంటూనే చుట్టుకున్నాను. పోటీల దగ్గర ఇంకో కోచ్ ఎప్పుడో నవ్వుతూ చెప్పిన చిట్కా అది. అప్పుడు నేనూ నవ్వాను. తూకంలో మూడు వందల గ్రాములు ఎక్కువ తేలగానే ఢిల్లేశ్వరిని బాత్‌రూముల వైపు తీసుకెళ్లి, బిళ్లని గోటితో విరిచి, సగం ఆమె అరచేతిలో పెట్టాను. గుక్కెడు నీళ్లు ఇచ్చాను. గురువారం మధ్యాహ్నం నుంచి ఆమె తాగిన మొదటి గుక్క అది. ఏం బిళ్ల అని ఆమె అడగలేదు. మేడమ్ ఇచ్చింది, మింగింది.

మూడు వందల గ్రాములు అలా పోయాయి.

తూకం అయ్యాక నీళ్లు ఇచ్చాను. వాంతి చేసుకుంది. ఎక్కువ తాగితే ఆటలో బరువుగా ఉంటావు, చప్పరించు చాలు అన్నాను. సెమీస్‌లో ఎదుటి పిల్ల మోకాలు ఈమె తొడకి గట్టిగా తగిలి కుంటుతూ బయటికొచ్చింది. నొప్పి బిళ్ల ఇచ్చాను. అదీ నా సంచీలోదే. ఫైనల్లో ఆమె ఎత్తిన కాలు మూడుసార్లు ఎదుటి పిల్ల తలకి తగిలింది. చప్పట్లు కొట్టారు. పతకం మెడలో వేసేటప్పుడు ఆమె ఒక పక్కకి ఒరిగిపోతుంటే నేను భుజం పట్టుకుని నిలబెట్టి, "ఇటు చూడు, ఫొటో" అన్నాను.

ఆదివారం పొద్దున తిరుగు రైల్లో, హరిశ్చంద్రపురం దాటాక, పక్కవాళ్లకి వినపడకుండా నా చెవి దగ్గర చెప్పింది. "నిన్న మద్దేన్నం నుంచి ఒంటేలు రానేదు మేడమ్."

"ఇప్పుడు తాగుతున్నావు కదా, వస్తుందిలే" అన్నాను.

సోమవారం బడికి రాలేదు. అలిసిపోయి ఉంటుందనుకున్నాను. మంగళవారం రాలేదు. ఆ రోజు నేను ఫ్లెక్సీ షాపులో కూర్చుని ఆమె ఫొటో ఎంత పెద్దగా వేయాలో చెబుతున్నాను. బుధవారం ఎర్రమ్మ ఫోన్ చేసింది. పిల్ల మొహం ఉబ్బిపోయిందని, కళ్లు తెరవలేకపోతోందని, పలాస ఆసుపత్రికి తెచ్చామని.

వెళ్లాను. రక్తపరీక్ష అప్పటికే వచ్చింది. డాక్టరు కాగితం చూస్తూ తల్లిని అడిగారు, జ్వరమేమైనా వచ్చిందా, ఏమైనా మందులు వాడారా అని. ఎర్రమ్మ ఏమీ లేదని, పోటీలకి మాత్రం వెళ్లొచ్చిందని చెప్పింది. ఆమెకి తెలిసింది అంతే. అప్పుడు డాక్టరు నా వైపు తిరిగారు.

"పోటీలకి మీరేనా తీసుకెళ్లింది? అక్కడ నీళ్లు సరిగా తాగిందా? నొప్పి బిళ్లలు గానీ, ఇంకేవైనా బిళ్లలు గానీ ఇచ్చారా?"

ఆయనకి అనుమానం లేదు. అడగవలసిన ప్రశ్న అడిగారు. సరిగ్గా అడగవలసిందే అడిగారు.

"లేదు సార్. గ్లూకోజు నీళ్లే ఇచ్చాం" అన్నాను.

అదీ ఆ మాట.

మంచం మీద ఢిల్లేశ్వరి కళ్లు సన్నటి చీలికల్లా ఉన్నాయి. వాటిలోంచి నన్నే చూస్తోంది. నేను ఆమెని చూశాను. ఆమె ఏదో అంటుందనుకున్నాను. ఆమె ఏమీ అనలేదు. డాక్టరు చీటీ మీద ఊరి పేరు చూసి, "ఉద్దానమా? ఇంట్లో ఎవరికైనా ఉందా?" అన్నారు. "మా మావకున్నాది బాబూ" అంది ఎర్రమ్మ. ఆయన తల ఊపారు. ఆ తల ఊపుతో నేను బయటపడ్డాను. దాని తర్వాత నన్నెవరూ ఏమీ అడగలేదు.

విశాఖ తీసుకెళ్లారు. నాలుగైదుసార్లు మిషను మీద పెట్టారు. మూడు వారాలకి ఇంటికి పంపించారు. కిడ్నీలు పూర్తిగా తేరుకోలేదని, నెలనెలా పరీక్ష చేయించుకోవాలని, ఆటలు వద్దని చెప్పారు. బళ్లో అందరూ ఒకే మాట అన్నారు, ఉద్దానం కదా అని. నేను కూడా అన్నాను. ఆ వారం చర్చిలో లేచి నిలబడి, నా విద్యార్థిని ఒకతెకి ఒంట్లో బాగోలేదు, ప్రార్థన చేయండి అని కోరాను. అందరూ కళ్లు మూసుకున్నారు. నాన్న గొంతు అన్నిటికంటే పైకి వినపడింది. నేను కళ్లు మూసుకోలేదు. ఏ ధైర్యంతో అడిగానో నాకిప్పటికీ అర్థం కాదు. ధైర్యం కాదేమో. అది కూడా దాక్కోవడమేనేమో.

ఫ్లెక్సీ వానలదాకా కాశీబుగ్గలో ఉంది. ఆ ఏడాది తైక్వాండోలో అంతకు ముందుకంటే ఎక్కువమంది చేరారు.

మా ప్రాంతానికి ఎక్కడెక్కడి నుంచో డాక్టర్లు వస్తారు. బావుల నీళ్లు, మట్టి, బియ్యం సీసాల్లో పట్టుకెళతారు. జబ్బు ఎందుకొస్తోందో ఇదీ అని తేల్చి ఎవరూ చెప్పలేదు. ఎవరికీ తెలియని ఆ కారణం వెనక నాకు తెలిసిన కారణాన్ని దాచాను. నేనేమీ చేయకపోయినా ఆ పిల్లకి వచ్చి ఉండేదేమో. ఈ 'ఏమో' మీద ఎనిమిదేళ్లు బతికాను. అయితే వచ్చేదో రాదో తెలియని పిల్లకి ముందుగా తెచ్చి పెట్టే హక్కు నాకెవరిచ్చారు? నిజంగా నా తప్పు లేదనుకుంటే డాక్టరు అడిగినప్పుడు చెప్పడానికి నాకేం అడ్డొచ్చింది?

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఎవరికీ బిళ్ల ఇవ్వలేదు. నీళ్లు ఆపడం మాత్రం ఇంకో మూడేళ్లు మానలేదు. తర్వాత ఒక పాప తూకం దగ్గర కళ్లు తిరిగి నా మీద పడిపోతే, అప్పుడు మానేశాను. బడి వదిలి సొంతంగా తరగతులు పెట్టుకున్నాను. గోడ నిండా కప్పులు. ఉత్తమ కోచ్ అని ఒకచోట శాలువా కప్పారు. అది మెడ చుట్టూ ఉన్నంతసేపు నాకు ఊపిరాడలేదు. కానీ తీసేయలేదు.

పోయిన నెలలో మా సంఘం ఆడవాళ్లతో కలిసి పలాస ఆసుపత్రికి వెళ్లాను. మా చర్చికి వచ్చే ఒకాయన అక్కడ డయాలసిస్ మీద ఉంటే ప్రార్థన చేయడానికి. ఆ హాలులో రెండు వరసల మంచాలు. కిటికీ పక్క మంచం మీద ఒక అమ్మాయి చేతికి గొట్టాలతో పడుకుని ఉంది. పలకరించాకగానీ గుర్తుపట్టలేదు.

"బాగున్నారా మేడమ్?" అంది.

ఇరవై ఒక్కేళ్లు. ఒంటి రంగు మారిపోయింది. కాళ్లు మాత్రం అంతే పొడుగు, దుప్పటి చివర్నుంచి పాదాలు బయటికొచ్చి ఉన్నాయి. పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఎప్పట్నుంచి అని అడిగాను. పోయిన వానాకాలం నుంచి అంది. తాత పోయి నాలుగేళ్లయిందని, తమ్ముడు డిగ్రీలో చేరాడని చెప్పింది. తర్వాత గొంతు తగ్గించింది.

"ఆ బిల్ల సంగతి నేనెవలికీ సెప్పనేదు మేడమ్. అమ్మకి కూడ."

స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకున్నాను. "ఎందుకమ్మా?" అన్నాను.

"మీరే సెప్తారనుకున్నాను" అంది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. "ఆ దినం డాక్టరుగారు అడిగినప్పుడు సెప్తారనుకున్నాను. సెప్పనేదు. తరవాత సెప్తారనుకున్నాను. అలగలగ ఉండిపోనాది."

అవతలి మంచం దగ్గర మావాళ్లు పాట మొదలుపెట్టారు. నన్ను రమ్మని ఒకామె చెయ్యి ఊపింది. నేను లేవలేకపోయాను. నేను వెళ్లి మీ అమ్మకి చెప్పనా అని అడిగాను ఢిల్లేశ్వరిని. ఆమె మిషను వైపు చూసి, "సెప్పండి. నేనైతే సెప్పనేను" అంది.

మర్నాడు పొద్దున వాళ్ల ఊరు వెళ్లాను. ఎర్రమ్మ ఇంటి ముందు ఇసకలో వలపట్టా పరిచి చేపలు ఆరబోస్తోంది. నన్ను చూసి నవ్వి, కుర్చీ తెమ్మని లోపలికి కేక వేసింది. వద్దని, ఆమె ఎదురుగా ఇసకలో కూర్చున్నాను. కూర్చుని చెప్పాను. రెయిన్‌కోటు, నీళ్లు, తూకం, నాన్న బిళ్ల, నొప్పి బిళ్ల, డాక్టరు అడిగింది, నేను చెప్పింది. ఆమె చేతులు ఆగలేదు. ఒక్కో చేపనీ తిరగేస్తూనే ఉంది.

"ఎంత బిల్ల?" అంది.

"సగం."

వరస చివరిదాకా తిరగేసింది. తర్వాత చేతులు కొంగుకి తుడుచుకుంది.

"ఎనిమిదేల్లు మా నూతి నీల్లని తిట్టుకున్నాను. మా మావని తిట్టుకున్నాను. ఆ ముసిలోడి జబ్బే పిల్లకి అంటిందని ఆడి మొకం మీదే అన్నాను. ఆడూ అలగే అనుకున్నాడు. నావల్లే పిల్ల ఇలగయిపోనాదని ఏడుసుకుంటా పోనాడు. ఆడు సచ్చిపోయినప్పుడు నాకు కన్నీరు రానేదు మేడమ్."

నేను ఏదో అనబోయాను. క్షమించమనే మాట వచ్చేదేమో. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకాడ కూకోకండి. ఎల్లండి. ఏ ఆసుపత్రిలో నేదన్నారో ఆడికే పోయి సెప్పండి. కాయితం మీద రాయించండి."

అంతే. మళ్లీ నా వైపు చూడలేదు. నేను లేచి రోడ్డు దాకా నడిచాను.

అటునుంచి అటే పలాస వెళ్లాను. అప్పటి డాక్టరు బదిలీ అయిపోయారు. ఇప్పుడున్నాయన నాకంటే చిన్నవాడు. అంతా విన్నారు. "దానివల్లేనని నేను చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. అప్పుడే తెలిసి ఉంటే మొదట్నుంచీ వేరేగా చూసేవాళ్లు" అన్నారు. ఫైలు తెప్పించి, ఎవరిచ్చారు అని అడిగారు. "నేనే" అన్నాను. పేరు అడిగారు. చెప్పాను. ఆయన పెన్ను కాగితం మీద కదులుతున్నంతసేపు చూస్తూ కూర్చున్నాను. తలదించుకోలేదు. చాలా ఏళ్ల తర్వాత నా ఊపిరి నాకు మామూలుగా వినపడింది. అది క్షమాపణ కాదని తెలుసు. ఆ ఊపిరికి నాకు హక్కుందో లేదో కూడా తెలియదు.

ఆ ఆదివారం నా దగ్గర నేర్చుకునే పిల్లల తల్లిదండ్రుల్ని పిలిచి ఇదే చెప్పాను. పోటీలకి ఇక ఎవరినీ తీసుకెళ్లనని, నాకు రావలసిన విద్య నాకే రాదని, తరగతులు ఆపేస్తున్నానని చెప్పాను. కొందరు పిల్లల చేతులు పట్టుకుని వెళ్లిపోయారు. ఒకామె నా ముఖం మీదే తిట్టి వెళ్లింది. అందరూ వెళ్లాక ఒక తండ్రి మిగిలాడు. ఆయన కూతురికి పదకొండేళ్లు, జిల్లాలో రెండో స్థానం. గుమ్మం దగ్గర కాసేపు నిలబడి, దగ్గరికొచ్చి, మెల్లిగా అడిగాడు.

"అది సరే మేడమ్. ఒచ్చే నెల మీట్ ఒక్కటీ సూసేయండి. మా పాపకి కిలోనర ఎక్కువున్నాది. ఎలగ దింపాల?"

పాప బయట మెట్ల మీద కూర్చుని బూట్లు వేసుకుంటోంది. నేను ఆయనకి కుర్చీ చూపించాను. కూర్చున్నాడు. మొదట్నుంచి మళ్లీ చెప్పాను. ఈసారి బిళ్ల దగ్గరికి వచ్చినప్పుడు ఆగలేదు.